పొద్దున ఫెయిల్, మధ్యాహ్నం పాస్: మిర్చి కొట్టులో ఒక పాత స్విచ్

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో నెట్‌వర్క్ పని నేనే చూస్తుంటాను. కాటా దగ్గర ఒక కంప్యూటర్, లోపల గుమాస్తాల కంప్యూటర్లు, బిల్లుల ప్రింటర్లు ఉంటాయి. వీటన్నిటినీ కలిపేది గోడకు బిగించిన ఇనుప పెట్టెలోని పాత నెట్‌వర్క్ స్విచ్. దానికి కేబుళ్లు గుచ్చే పోర్టులు 24. ఆ మోడల్ తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. జనవరిలో కొత్త పంట దిగడం మొదలయ్యాక అది పొద్దున్నే లేవడం మానేసింది. సిస్టమ్ లైటు కాసేపు పచ్చగా మినుకుమని, నారింజ రంగులోకి మారి అక్కడే ఆగిపోయేది. అంటే ఆన్ చేయగానే తనకు తాను చేసుకునే పరీక్షల్లో ఎక్కడో తప్పిందన్నమాట.

కొట్టులో సరుకు ఉంటుంది కాబట్టి రాత్రి తాళం వేసేటప్పుడు మెయిన్ కట్టేసి వెళ్తారు. అందువల్ల స్విచ్ ప్రతిరోజూ పూర్తిగా చల్లారిన స్థితి నుంచే మొదలవ్వాలి. అది లేవకపోతే కాటా చీటీ రాదు. చీటీ రాకపోతే టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపిన రైతు వాకిట్లోనే నిలబడిపోతాడు. రాత్రంతా లారీలో కూర్చొని వచ్చిన మనిషిని చీటీ కోసం నిలబెట్టడం నాకు చాలా కష్టంగా ఉండేది.

కొత్తది కొనేయమని చాలామంది చెప్పారు. యజమాని కూడా సిద్ధంగానే ఉన్నారు. కానీ గుమాస్తా గారు చెప్పిన ఒక్క మాట దగ్గర నేను ఆగాను. “ఏమోనండీ, పొద్దున మొండికేస్తుంది. మధ్యాహ్నం మళ్లీ వేస్తే ఏమీ ఎరగనట్టు పనిచేస్తుంది.” నిజంగా చిప్పు పోయి ఉంటే దానికి పొద్దున, మధ్యాహ్నం తేడా ఉండదు కదా!

ముందుగా, మధ్యాహ్నం అది నడుస్తున్న సమయంలో కాన్ఫిగరేషన్, అంటే దాని అమరికలు మొత్తం నా ల్యాప్‌టాప్‌లో ఫైలుగా దాచుకున్నాను. పాత స్విచ్‌ను ముట్టుకునే ముందు చేయాల్సిన మొదటి పని ఇదే. ఏ పోర్టు ఏ వీల్యాన్‌లో (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్ భాగంలో) ఉందో రాసిపెట్టిన కాగితం ఆ కొట్టులో లేదు, చాలా చోట్ల ఉండదు.

మర్నాడు తాళం తీసే వేళకే వెళ్లాను. లేత నీలం రంగు కన్సోల్ కేబుల్‌ను వెనకవైపు కన్సోల్ పోర్టుకు (స్విచ్ తన సందేశాలను అక్షరాల్లో చూపే పోర్టుకు) పెట్టి, యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపాను. ఆ సందేశాలను తెరమీద చూపే పుట్టీ అనే ప్రోగ్రాములో వేగం 9600, డేటా బిట్లు 8, పారిటీ లేదు, స్టాప్ బిట్ 1, ఫ్లో కంట్రోల్ లేదు. మిగతా కేబుళ్లన్నీ ఊడదీశాను. లైటు చెప్పేది తప్పిందన్న సంగతి ఒక్కటే. ఏ పరీక్షలో తప్పిందో కన్సోల్ మాత్రమే వరసగా చెబుతుంది: పోర్టులను నడిపే చిప్పు మెమరీ, ప్రాసెసర్‌కూ ఆ చిప్పుకూ మధ్య దారి, చిరునామాల పట్టిక, చివరికి పోర్టుల లూప్‌బ్యాక్. లూప్‌బ్యాక్‌లో స్విచ్ ఒక ఫ్రేమును (చిన్న డేటా ముక్కను) పోర్టు సర్క్యూట్ దాకా పంపి, బయటి కేబుల్‌కు వెళ్లనివ్వకుండా లోపలే వెనక్కి తిప్పుకొని సరిచూసుకుంటుంది.

మొదటిసారి మెమరీ పరీక్ష ఫెయిలైంది. కరెంటు తీసి మళ్లీ ఇస్తే మెమరీ పాసై, చిరునామాల పట్టిక ఫెయిలైంది. తర్వాత రెండూ పాసయ్యాయి కానీ మధ్యలోనే స్విచ్ తనంతట తాను రీసెట్ అయింది. అలా వేస్తూ తీస్తూ ఉండగా కాస్త వేడెక్కి, చివరికి బూట్ అయింది. ప్రతి ప్రయత్నాన్నీ లాగ్ ఫైలుగా దాచి, అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూశాను. లూప్‌బ్యాక్ దాకా వెళ్లిన ప్రతిసారీ 17వ పోర్టు దగ్గర ఒకే లోపం కనిపించింది. మిగతా లోపాలు మాత్రం ఒక చోట నిలవడం లేదు. నిలిచిన లోపం ఒకటి, తిరిగే లోపం ఇంకొకటి. అంటే జబ్బులు రెండన్నమాట.

తిరిగే లోపం ఉందంటే నేను ముందుగా అనుమానించేది పవర్ సప్లైని. చిప్పులకు అందే వోల్టేజీ నిలకడగా లేకపోతే ఏ క్షణంలో ఏ పరీక్ష నడుస్తుంటే ఆ పరీక్షే తప్పుతుంది. పవర్ సప్లైలో వోల్టేజీని నిలకడగా ఉంచే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో ద్రవం ఏళ్ల తరబడి ఆరిపోతూ ఉంటే వాటి అంతర్గత నిరోధం పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ నిరోధం మరీ ఎక్కువ, వేడెక్కితే తగ్గుతుంది. పొద్దున మొరాయించి మధ్యాహ్నం లేవడానికి కారణం అదే కావాలి.

పెట్టె మూత తీయగానే ఘాటు ముక్కుకెక్కింది. పక్కనున్న కుర్రాడు తుమ్ముతూ బయటికి పరుగెత్తాడు. స్విచ్‌లోని ఫ్యాను రెక్కల మీద, గాలి రంధ్రాల్లో, చిప్పుల వేడిని లాగే హీట్‌సింక్ పళ్ల మధ్య ఎర్రటి మిరప ధూళి అట్టకట్టి ఉంది. ఫ్యాను చేత్తో తిప్పినా బిగుసుకుపోయి కదలడం లేదు. మాస్కు, కళ్లద్దాలు పెట్టుకొని మెత్తటి బ్రష్షుతో, బ్లోయర్‌తో ఆరుబయట శుభ్రం చేశాను. మిర్చి కొట్టుల్లో పనిచేసే వాళ్లు ఈ పని గదిలో చేయకండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. 230 వోల్టుల మెయిన్స్‌ను డీసీగా మార్చే పెద్ద కెపాసిటర్ మీద సుమారు 325 వోల్టులు ఉంటాయి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా ఆ ఛార్జి నిలిచి ఉండవచ్చు. రెసిస్టర్ ద్వారా దాన్ని ఖాళీ చేసి, మల్టీమీటర్‌తో సున్నా చూసుకున్నాకే లోపల చేయి పెట్టాలి. ఈ పని అలవాటు లేనివాళ్లు తెలిసినవాళ్లకు అప్పగించడమే మంచిది.

బల్బులా ఉబ్బిన కెపాసిటర్ కోసం వెతికాను. ఒక్కదాని తల మాత్రమే కొద్దిగా లేచి ఉంది, మిగతావి చూపుకు బాగానే ఉన్నాయి. అంతమాత్రాన టంకం వేయడం మొదలుపెట్టకుండా ముందు అనుమానాన్ని తేల్చుకోవాలనుకున్నాను. ఈ స్విచ్ పవర్ సప్లై మెయిన్ బోర్డుకు ఇచ్చేది 12 వోల్టులే. సీసీ కెమెరాలకు వాడే 12 వోల్టుల, 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (విడి పవర్ సప్లై) నా దగ్గర ఉంది. స్విచ్ లేబుల్ మీద రాసిన వాడకానికి అది సరిపోతుంది. మరుసటి పొద్దున పాత పవర్ సప్లైని పక్కకు తప్పించి, ప్లస్, మైనస్‌లు మళ్లీ మళ్లీ సరిచూసుకొని దీన్ని కలిపాను. చల్లగా ఉన్న స్విచ్‌లో మెమరీ పాస్. పట్టిక పాస్. 17వ పోర్టు తప్ప అన్నీ పాస్. ఆ వరుసలు తెరమీద కదులుతుంటే కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

తరువాతి పని తేలిక. విజయవాడ గవర్నర్‌పేటలో అవే విలువలున్న కెపాసిటర్లు కొన్నాను: 1000 మైక్రోఫారడ్, 105 డిగ్రీల రకం, తక్కువ నిరోధం కలవి. వోల్టేజీ మాత్రం 16కు బదులు 25 తీసుకున్నాను. పాతదానికంటే తక్కువ వోల్టేజీది వేయకూడదు, ఎక్కువైతే ఇబ్బంది లేదు. చారగీత ఉన్న కాలు మైనస్. తల లేచినదాన్ని ఒక్కదాన్నే కాదు, ఆ వరుస మొత్తాన్నీ మార్చాను. ఫ్యాను కూడా కొత్తదే వేశాను.

ఫ్యాను సంగతి చిన్నది కాదని కొట్టులో అందరికీ లెక్క కట్టి చూపించాను. 105 డిగ్రీల దగ్గర 5,000 గంటల ఆయుష్షు అని రాసిన కెపాసిటర్‌కు, వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఆయుష్షు సుమారుగా రెట్టింపవుతుంది. 85 డిగ్రీల దగ్గర అది 20,000 గంటలు. రోజుకు 12 గంటలు నడిస్తే నాలుగున్నరేళ్లు. 65 డిగ్రీల దగ్గర ఉంచగలిగితే 80,000 గంటలు, అంటే పద్దెనిమిదేళ్లు. గుంటూరు మే నెల ఎండలో, తిరగని ఫ్యానుతో, మూసిన ఇనుప పెట్టెలో ఏ లెక్క నడుస్తుందో వేరే చెప్పాలా! పెట్టె గాలి రంధ్రాలకు ఉతికి మళ్లీ వాడుకునే ఫోమ్ వడపోత పెట్టించాను. దాన్ని కడిగే పని కుర్రాడికి అప్పగించాం.

ఇక 17వ పోర్టు. మొదట్లో దానికి పెట్టిన కేబుల్ కొట్టు దాటి, ఆరుబయట రేకుల మీదుగా కాటా గది దాకా వెళ్తుంది. పిడుగులు పడినప్పుడు అలాంటి రాగి తీగలోకి వచ్చే సర్జు (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీ) పోర్టును కాల్చేయగలదు. ఆ పోర్టు పోయిందని ఎవరికీ తెలియకపోవడానికి కారణం ఉంది. ఎప్పుడో ఎవరో ఆ కేబుల్‌ను పక్క పోర్టుకు మార్చి ఊరుకున్నారు. 17ను కాన్ఫిగరేషన్‌లో మూసేసి, దానికి ప్లాస్టిక్ మూత పెట్టాను. కాటా గదికి రాగి తీసేసి, రెండువైపులా మీడియా కన్వర్టర్లతో (రాగి సంకేతాన్ని కాంతిగా, కాంతిని రాగి సంకేతంగా మార్చే పెట్టెలతో) కరెంటు ప్రసరించని ఫైబర్ వేయించాను.

ఇప్పుడు పొద్దున మెయిన్ వేయగానే స్విచ్ లేస్తోంది. అయినా యజమానికి కొత్తది కొనమనే చెప్పాను, ఎందుకంటే దీనికి భద్రతా అప్‌డేట్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చినప్పుడు తీరిగ్గా మారుస్తాం. దాచుకున్న ఆ ఫైలు నుంచే కొత్తదానికి వీల్యాన్లు రాసుకుంటున్నాను.