రెండు అంగుళాల తాడు

కార్తిక మాసంలో సాయంకాలం దీపం పెట్టేటప్పుడు చెప్పుకొనే సంకల్పంలో ‘కార్తిక దామోదర ప్రీత్యర్థం’ అనే మాట వస్తుంది. చిన్నప్పుడు మా అమ్మ చెప్పగా విని, పెళ్ళయ్యాక అత్తగారు చెప్పగా విని, తరువాత నేనే చెప్పుకొంటూ ఎన్నో ఏళ్ళుగా ఆ మాటను దాటి వెళ్తూ వచ్చానే గాని, ఒక్కనాడూ దాని దగ్గర ఆగలేదు. ఈ ఏడు ఆగవలసి వచ్చింది. ఒత్తి వెలిగించబోతున్న నా చేతిని ఇంకా రెండేళ్ళు నిండని మా పాప పట్టుకొని ‘నేనే, నేనే’ అని గుంజుతుంటే సంకల్పం సగంలో ఆగిపోయింది. నోటిలో నిలిచిపోయిన మాట దామోదరుడి పేరు.

దామం అంటే తాడు, ఉదరం అంటే పొట్ట. తల్లి తాడు వేసి పొట్టకు కట్టిన పిల్లవాడు దామోదరుడు. కేశవ నామాలలో ఇది 12వది. మార్గశిరాన కేశవుడితో మొదలుపెట్టి నెలకొక్క నామం చెప్పుకొంటూ వస్తే, ఆ వరుసలో చివరిదైన కార్తికం దామోదరుడికి వస్తుంది. విష్ణు సహస్రనామంలో ఇదే 367వ నామం. రాక్షసులను చంపినందుకు వచ్చిన పేర్లు ఆయనకు ఉన్నాయి, మూడడుగులతో లోకాలను కొలిచినందుకు వచ్చిన పేర్లూ ఉన్నాయి. దీపాల నెలకు మాత్రం అమ్మ చేతిలో ఓడిపోయినందుకు వచ్చిన పేరు దక్కింది.

ఆ కథ భాగవతం దశమ స్కంధం 9వ అధ్యాయంలో ఉంది. అందరికీ తెలిసిన కథే. అయినా బిడ్డను పెంచుతున్న రోజులలో మళ్ళీ చదివినప్పుడు, అది ఎంత మామూలు రోజుతో మొదలవుతుందో చూసి నాకు కళ్ళు చెమర్చాయి. దాసీలందరూ వేరే పనులలో ఉండగా యశోద తానే పెరుగు చిలుకుతూ ఉంటుంది, చిలుకుతూ కొడుకు చేష్టలనే పాటలుగా పాడుకొంటూ ఉంటుంది. అంతలో వాడు పాలకు వచ్చి కవ్వం పట్టుకొంటాడు. ఆమె పని ఆపి, ఒడిలోకి తీసుకొని, వాడి నవ్వు ముఖం చూస్తూ పాలిస్తుంది. అప్పుడే పొయ్యి మీద పాలు పొంగుతాయి. ఆమె వాడిని కిందికి దింపి పరుగెత్తుతుంది. సంస్కృత మూలంలో ఇక్కడ ‘అతృప్తం’ అనే మాట ఒకటి ఉంది. ఇంకా కడుపు నిండని వాడిని దింపి వెళ్ళింది అని, ఈ కథ చెబుతున్న శుకుడు స్పష్టంగా అంటాడు.

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. యశోద అంతటి తల్లి కూడా బిడ్డను సగంలో దింపిందని భాగవతం దాచుకోలేదు, అలాగని ఆమెను నిందించనూ లేదు. చిన్నపిల్ల ఉన్న ఇంట్లో ఏ పనీ మొదలుపెట్టిన చోటునుంచి చివరిదాకా ఒక్క ఊపున సాగదు. బట్టలు మడత పెడుతుంటే పాప ఏడుస్తుంది. పాప దగ్గర కూర్చుంటే పొయ్యి పిలుస్తుంది. పొయ్యి దగ్గరికి వెళ్తే ఎవరో తలుపు తడతారు. రాత్రి పడుకొన్నాక ఆ రోజు సగంలో వదిలేసినవన్నీ ఒక్కొక్కటిగా గుర్తుకొస్తాయి, వాటిలో అన్నిటికంటే బరువుగా తోచేది సగంలో దింపేసిన బిడ్డ ముఖం. ఇంత ఇచ్చినా ఇంకా ఇవ్వలేకపోయానే అని కుమిలిపోయిన రాత్రులు నాకు చాలా ఉన్నాయి. అలాంటి సగంలోనే దామోదర లీల మొదలైందని తెలిశాక ఆ రాత్రులను నేను కొంచెం వేరుగా చూడగలుగుతున్నాను. పాలు పొంగకపోతే, తల్లి లేచి వెళ్ళకపోతే, ఈ నామమే పుట్టి ఉండేది కాదు.

తరువాత జరిగినది ఏ ఇంటి తల్లికైనా కళ్ళకు కట్టినట్టే ఉంటుంది. పిల్లవాడికి కోపం వస్తుంది, ఎర్రని పెదవిని పంటితో కొరుక్కొంటాడు, రాయితో కుండ పగలగొడతాడు, దొంగ కన్నీళ్ళు పెట్టుకొని లోపలికి పోయి వెన్న తింటాడు. యశోద తిరిగి వచ్చి, పగిలిన కుండను చూసి నవ్వుతుంది. ముందు నవ్వింది, తరువాత వెతికింది. వాడు తిరగేసిన రోలెక్కి కోతికి వెన్న పెడుతూ, దొంగ చూపులు చూస్తూ దొరుకుతాడు. బెత్తం పట్టుకొని ఆమె వెనుకగా మెల్లగా వస్తుంది, వాడు చూసి దూకి పరుగెత్తుతాడు. తపస్సుతో యోగుల మనసులు కూడా అందుకోలేని వాడి వెనుక ఒక అమ్మ, జడలోని పూలు రాలిపోతుండగా, పరుగెడుతోంది.

పట్టుకొన్నాక వాడు ఏడుస్తున్నాడు, కాటుక చెంపల మీదికి కారేలా చేతులతో కళ్ళు నులుముకొంటున్నాడు. ఇంతకు ముందు పెట్టుకొన్న కన్నీళ్ళను దొంగ కన్నీళ్ళన్న శుకుడే, ఇప్పుడు ఆ కళ్ళు భయంతో బెదిరి ఉన్నాయని చెబుతాడు. రెండు ఏడుపులూ ఒక్కటి కావు. వాటి మధ్య తేడా తెలుసుకోవడమే తల్లి పనిలో సగం అని నాకు అనిపిస్తుంది. యశోదకు తెలిసింది. బిడ్డ భయపడ్డాడని తెలియగానే బెత్తం పారేసింది. వాడు తప్పు ఒప్పుకొన్నందుకు పారేసిందని గాని, ఇక చేయనని మాట ఇచ్చినందుకు పారేసిందని గాని అక్కడ లేదు. ఆ కళ్ళను ఆమె చూసింది, అంతే. భాగవతం ప్రథమ స్కంధంలో కుంతి ఇదే ముఖాన్ని తలచుకొంటుంది: భయమే ఎవరిని చూసి భయపడుతుందో, అతడు కన్నీటితో కరిగిన కాటుక కళ్ళతో తల వంచుకొని తల్లి ముందు నిలిచిన తీరు నన్ను మోహంలో ముంచుతోంది అంటుంది. ఐదుగురిని పెంచిన తల్లికి, స్తుతి చేస్తున్న వేళ, విశ్వరూపం కంటే ఆ కాటుక మరక జ్ఞాపకం రావడం నాకు ఆశ్చర్యంగా లేదు.

దీపం ఆగిపోయిన ఆ సాయంకాలానికి నాలుగు రోజుల తరువాత మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. స్నానం చేయించి గౌను తొడగబోతే పాప నవ్వుతూ పారిపోయింది. పట్టుకొచ్చాను, మళ్ళీ పారిపోయింది. మూడోసారికి నా నడుము లాగింది, పొద్దుటినుంచి కూడిన అలసట అంతా గొంతులోకి వచ్చి గట్టిగా అరిచాను. పాప గోడకు ఆనుకొని నిలబడిపోయింది. నవ్వు ఆగిపోయి, పెదవి కింది భాగం మెల్లగా వణకడం మొదలైంది. దాని చూపు నా ముఖం మీద లేదు, నా చేతి మీద ఉంది. నా చేతిలో దువ్వెన ఉంది. కొట్టాలని నేను దానిని ఎత్తలేదు. కాని ఎత్తి పట్టుకొని ఉన్నానని పాప కళ్ళు చూశాకే నాకు తెలిసింది.

దువ్వెన కింద పెట్టి, గౌను ఒళ్ళో వేసుకొని నేల మీద కూర్చుండిపోయాను. పిలవలేదు, బతిమాలలేదు, నాలో ఆ ఓపిక కూడా లేదు. నుదుటి మీద చెమట చెవి పక్కగా కారుతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు. కొంతసేపటికి చిన్న పాదాల చప్పుడు వినిపించింది. పాప నా ఎదురుగా వచ్చి, నన్ను ఒక నిమిషం చూసి, గౌను తొడగమని రెండు చేతులూ పైకెత్తి నిలబడింది.

యశోద తాడు తెచ్చి కట్టబోతే అది రెండు అంగుళాలు తక్కువైంది. ఇంకో తాడు ముడివేసింది, మళ్ళీ రెండు అంగుళాలే తక్కువ. ఇంట్లో ఉన్న తాళ్ళన్నీ అయిపోయాయి, కొరత మాత్రం పెరగలేదు, తరగలేదు. చుట్టూ గోపికలు నవ్వుతున్నారు, ఆమె కూడా నవ్వుతూనే విస్తుపోయింది. అప్పుడు కృష్ణుడు తల్లిని చూశాడు. ఒళ్ళంతా చెమట పట్టి, కొప్పు జారి, పూలు రాలిపోయి ఉన్న ఆమె శ్రమను చూసి, దయతో తానే కట్టుబడ్డాడని మూలంలో ఉంది. తాడు చాలిందని అక్కడ ఎక్కడా లేదు. ఆ రెండు అంగుళాలలో ఒకటి భక్తుడి ప్రయాసకూ, మరొకటి భగవంతుడి కృపకూ గుర్తని వైష్ణవ వ్యాఖ్యాతలు చెప్పారు. గోడ దగ్గరనుంచి నా దగ్గరికి నడిచి వచ్చి చేతులెత్తిన పాపను చూశాక, ఆ వ్యాఖ్యానం నాకు ఎక్కడో శాస్త్రంలో ఉన్న మాటలా అనిపించడం మానేసింది.

ఈ సన్నివేశానికి పోతన ఒక కంద పద్యం రాశాడు:

చిక్కఁడు సిరికౌఁగిటిలోఁ
జిక్కఁడు సనకాది యోగిచిత్తాబ్జములం
జిక్కఁడు శ్రుతిలతికావళిఁ
జిక్కె నతఁడు లీలఁ దల్లిచేతన్ ఱోలన్.

లక్ష్మీదేవి కౌగిటిలో చిక్కనివాడు, సనకాది యోగుల హృదయ పద్మాలలో చిక్కనివాడు, వేదాలనే తీగల అల్లికలో చిక్కనివాడు, అమ్మ చేతికి ఆటగా చిక్కి రోటికి కట్టుబడ్డాడు. మూడుసార్లు ‘చిక్కఁడు’ అని, నాలుగోసారి ‘చిక్కె’ అన్నప్పుడు, ఎంతోసేపటినుంచి పారిపోతున్న పిల్ల చటుక్కున ఒడిలో వాలినట్టే ఉంటుంది. తెలుగులో ఈ ‘చిక్కు’ అనే మాటకు ఉన్న అర్థాలన్నీ చిన్నపిల్లల తల్లికి తెలిసినవే. పిల్లలు చేతికి చిక్కరు; జుట్టు చిక్కు పడుతుంది, తీసే తీరిక ఉండదు; మా అమ్మ ఎప్పుడు వచ్చినా ముందుగా నన్ను చూసి ‘ఎంత చిక్కిపోయావే’ అంటుంది. పద్యంలో చిక్కినవాడు ఆయన. అంతసేపు పరుగెత్తి, తాళ్ళన్నీ ముడివేసి, చెమటలో తడిసిన ఆమె కూడా ఎంత చిక్కిపోయి ఉంటుందో పోతన ఆ నాలుగు పాదాలలో చెప్పలేదు గాని, నేను మాత్రం చదివిన ప్రతిసారీ ఆమెనే చూస్తున్నాను.

దామోదర నామానికి శంకర భగవత్పాదులు తమ సహస్రనామ భాష్యంలో ఇంకొక అర్థం కూడా చెప్పారు. దమం మొదలైన సాధనలతో ఉత్కృష్టమైన బుద్ధికి అందేవాడు దామోదరుడు అని. దమం అంటే ఇంద్రియ నిగ్రహం. తరువాత యశోద కట్టిన తాడును కూడా వారు చెప్పారు. ఒకే పేరులో ఈ రెండూ ఉండడం నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది. దమం కోసం ఎక్కడికో వెళ్ళి కూర్చోవలసిన అవసరం, పసిబిడ్డ ఉన్న ఇంట్లో, నాకు కనిపించడం లేదు. నాలుగోసారి కింద పోసిన నీళ్ళను తుడుస్తూ గొంతు పెంచకుండా ఉండడం, ‘నేనే’ అంటూ చెప్పు ఎడమది కుడికాలికి తొడుక్కొంటున్న పిల్ల పక్కన చేతులు కట్టుకొని నిలబడడం, అర్ధరాత్రి మూడోసారి లేచినప్పుడు పక్కన నిద్రపోతున్న మనిషి మీద విసుక్కోకుండా ఉండడం, ఇవి నాకు దొరికిన సాధనలు. వాటిలో నేను గెలిచిన రోజులకంటే ఓడిన రోజులే ఎక్కువ. ఆ దువ్వెన ఇప్పటికీ నా కంటికి పడుతూనే ఉంటుంది.

కట్టేసిన తరువాత యశోద ఏం చేసిందో కూడా భాగవతం చెబుతుంది: ఇంటి పనులలో మునిగిపోయింది. ఆ సమయంలోనే పిల్లవాడు రోలు ఈడ్చుకొంటూ వెళ్ళి రెండు మద్ది చెట్లను కూల్చి, నారదుడి శాపంతో చెట్లై నిలిచిన కుబేరుడి కొడుకులు నలకూబరుడిని, మణిగ్రీవుడిని విడిపించాడు. ఆ మహిమ తల్లి చూడలేదు. చప్పుడు విని అందరూ పరుగెత్తుకొని వచ్చాక నందుడు నవ్వుతూ కొడుకు కట్టు విప్పాడు. నేను కట్టినవన్నీ పాప తండ్రి విప్పేస్తాడని, వద్దన్నది ఆయన దగ్గర దొరుకుతుందని నేను చాలాసార్లు నొచ్చుకొన్నాను, ఒకటి రెండుసార్లు మాటా అన్నాను. కట్టడానికి ఒకరు, విప్పడానికి ఒకరు ఉన్న ఆ నందుడి ఇంటిని చదివాక, నేను అనవసరంగా నొచ్చుకొన్నానని ఆయనతోనే చెప్పాను.

నిన్న రాత్రి దీపం పెట్టాక పాప నా పక్కలో నిద్రపోయింది. నా చీర కొంగును చేతికి రెండు చుట్లు చుట్టుకొని, గుప్పిట బిగించి పడుకొంది. పొయ్యి మీద పాలు ఉన్నాయన్న సంగతి నాకు గుర్తుంది, లేవబోతే కొంగు లాగింది. మెల్లగా పిలిస్తే ఆయన వచ్చి, ముందు పొయ్యి కట్టి, తరువాత మా దగ్గర కూర్చొని పాప వేళ్ళను ఒక్కొక్కటే విప్పబోయారు. కొంచెంసేపు ఉండనివ్వండి అన్నాను.