ట్రైనర్ మీద ఏ టైరు, ఏ చక్రం?

ట్రైనర్ అంటే సైకిలును బిగించి, ఇంట్లోనే ఉన్నచోట తొక్కుకునే స్టాండు. వెనక చక్రం ఊడదీసి చైన్‌ను నేరుగా ట్రైనర్‌కే తగిలించే డైరెక్ట్ డ్రైవ్ రకం మీ దగ్గరుంటే టైరు గొడవే లేదు. ఇది టైరును రోలర్‌కి ఆనించి తొక్కేవాళ్ల కోసం.

సన్నటి రోలర్ టైరును ఒకేచోట లోపలికి నొక్కేస్తుంది, దాంతో టైరు వేడెక్కుతుంది. రోడ్డు మీదలా ఎదురుగాలి తగలదు కాబట్టి ఆ వేడి తొందరగా పోదు. మెత్తటి రేసింగ్ టైరైతే నడిమి పట్టీ చదునైపోయి, కింద నల్లటి పొడి రాలుతుంది. వారానికి రెండు మూడు సార్లయినా తొక్కేవాళ్లు కాంటినెంటల్ హోమ్‌ట్రైనర్ లాంటి ట్రైనర్ టైరు కొనుక్కోవడమే మంచిది. దాని రబ్బరు గట్టిది, వేడికి ఓర్చుకుంటుంది. అయితే దానితో రోడ్డెక్కకండి, తడి మీద పట్టు ఉండదు. ఎప్పుడో ఒకసారి తొక్కేవాళ్లకి నున్నటి పాత టైరు చాలు. గుబ్బలున్న ఎమ్‌టీబీ (మౌంటెన్ బైక్) టైరు మాత్రం వద్దు. మోత, అదురు, పైగా జారుతుంది.

సైజు టైరు పక్కన రాసి ఉంటుంది. 23-622 అంటే వెడల్పు 23 మి.మీ., రిమ్ము వ్యాసం 622 మి.మీ. 29 అంగుళాల ఎమ్‌టీబీ రిమ్ము కూడా 622నే. అలాగని దాని వెడల్పాటి రిమ్ముకి 23 టైరు ఎక్కించకూడదు.

అసలు తేడా గాలిలోనే వస్తుంది. 23, 25 టైర్లకి మామూలుగా 100 పీఎస్ఐ దాకా కొడతారు, టైరు మీద రాసిన గరిష్ఠం దాటకుండా. తొక్కే ప్రతిసారీ అంతే ఉండాలి. లేకపోతే తొక్కే శక్తిని చూపే వాట్ల లెక్కలో నిన్నటికీ ఇవాళ్టికీ పొంతన ఉండదు. కొత్త టైరుకి తయారీ అచ్చు నుంచి అంటిన జిడ్డు ఉంటుంది, స్పిరిట్‌తో తుడవండి, రోలర్‌ను కూడా. రోలర్ టైరుకి తగిలాక దాన్ని బిగించే నాబ్ రెండు చుట్లు తిప్పండి (మీ ట్రైనర్ మాన్యువల్‌లో వేరే లెక్క ఉంటే అదే పాటించండి). చక్రాన్ని ఒక చేత్తో పట్టుకుని ఫ్లైవీల్‌ను (రోలర్‌కి ఉండే బరువైన చక్రం) రెండో చేత్తో గట్టిగా తిప్పి చూడండి. టైరు మీద రోలర్ జారితే ఇంకో అర చుట్టు బిగించండి. అతిగా బిగిస్తే టైరు త్వరగా అరుగుతుంది. స్మార్ట్ ట్రైనర్‌ని (వాట్లు కొలిచి యాప్‌కి పంపేది) పది నిమిషాలు తొక్కి, టైరు వేడెక్కాకే క్యాలిబ్రేట్ చేయాలి, అంటే కొలత సరిచూసుకోవాలి. దిగాక రోలర్ వదులు చేయండి, లేదంటే టైరు ఒకచోట నొక్కుకుపోతుంది.

మాటిమాటికీ టైరు మార్చే బదులు ట్రైనర్‌కంటూ విడిగా ఓ వెనక చక్రం ఉంచుకుంటే సుఖం. పాత అల్యూమినియం చక్రమే చాలు, వంకర లేకుండా తిరిగితే. హుక్‌లెస్ రిమ్ము (టైరు అంచును పట్టి ఉంచే కొక్కెం లాంటి అంచు లేనిది) మాత్రం వద్దు. దాని గాలి హద్దు 5 బార్, అంటే సుమారు 72 పీఎస్ఐ. క్యాసెట్ (వెనక చక్రానికుండే పళ్ల చక్రాల గుత్తి) మీ గేర్లకి సరిపోయేదై ఉండాలి. 11 స్పీడ్ రోడ్ హబ్ (చక్రం నడిమి భాగం) మీద 10 స్పీడ్ క్యాసెట్ వేస్తే వెనక 1.85 మి.మీ. స్పేసర్ పడాలి. అయినా హబ్ మారితే గేర్లు కాస్త తడబడతాయి, గేరు కేబుల్ బిగువును సరిచేసే మర, అంటే బ్యారెల్ అడ్జస్టర్‌తో సరిచేసుకోవచ్చు. డిస్క్ బ్రేకుల సైకిలుకి రోటర్ (బ్రేకు పళ్లెం) లేని చక్రం వేస్తే బ్రేకు ప్యాడ్‌ల మధ్య స్పేసర్ పెట్టండి. పొరపాటున బ్రేక్ నొక్కితే పిస్టన్లు బయటికొచ్చేస్తాయి.

ఇరుసు దగ్గర ట్రైనర్‌తో వచ్చిన స్టీల్ క్విక్ రిలీజే (మీటతో బిగించే కడ్డీ) వాడండి, ట్రైనర్ కప్పుల్లో కుదురుగా కూర్చునేది అదే. నట్లతో బిగించే ఇరుసైతే దానికి తగ్గ ప్రత్యేక నట్లు, 12×142 త్రూ యాక్సిల్ (హబ్‌లోంచి దూర్చి బిగించే లావు ఇరుసు) అయితే ట్రైనర్‌కి సరిపడే యాక్సిల్ కొనాల్సి వస్తుంది.