బొచ్చె మూతి పైకి, మోసు మూతి కిందికి

ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం వైపు దిగాక, తడి గోనెసంచుల మీద చేపలు పరుచుకుని కూర్చునేవారిలో ఒకామె దగ్గర నేను చాలాకాలంగా చేపలు కొంటున్నాను. పోయిన ఆదివారం శీలావతి అడిగితే ఆమె తీసి ఇచ్చిన చేప నాకు ఎర్రమోసులా కనిపించింది. రెండూ పొడవాటి వెండిరంగు చేపలే కనుక పోల్చుకోవడం కష్టం. నా అనుమానం కనిపెట్టి ఆమె చేప మూతిని బొటనవేలితో పైకెత్తి, "పెదవి తడిమి చూడండి బాబుగారూ, శీలావతికైతే అంచు కుచ్చులు పోసినట్టు ఉంటది, మోసుకి పల్చగా ఉంటది" అంది. తడిమి చూశాను. అంచు పోగులు లేచిన తడిగుడ్డను పట్టుకున్నట్టు, మెత్తని కండ మీద సన్నని చీలికలు వేలికి తగిలాయి. అది శీలావతే.

ఆ కుచ్చు పెదవి ఊరికే ఏర్పడినది కాదు. శీలావతి నీటి నడిమి మట్టంలో తిరుగుతూ, కుళ్లుతున్న ఆకులనూ, నీటిమొక్కల కాడలకు పట్టిన నాచునూ కొరుక్కుని తింటుంది కనుక, మెత్తని పదార్థాన్ని గీరి తీయడానికి ఆ అంచు పనికివస్తుంది. బొచ్చెకు ఇది అక్కరలేదు. దాని కింది దవడ ముందుకు పొడుచుకుని వచ్చి, నోరు ఆకాశం వైపు తెరుచుకుంటుంది. నీటి పై పొరలో తేలే జంతుప్లవకాలను, అంటే కంటికి ఆనని చిన్న జీవులను, కింది నుంచి వచ్చి నీటితో సహా మింగడానికి అంతకన్నా అనువైన అమరిక లేదు. ఎర్రమోసు నోరు ముక్కు కిందుగా, అడ్డంగా, వెడల్పుగా ఉంటుంది. అది చెరువు అడుగున బురద మీద పేరుకున్న కుళ్లు పదార్థాన్ని ఏరుకుంటుంది.

ఒకే చెరువులో మూడు రకాలను కలిపి పెంచే పద్ధతికి ఆధారం ఈ మూడు మూతులే. పై నీరు ఒకదానిది, నడుమ ఒకదానిది, అడుగు ఒకదానిది కావడం వల్ల తిండి కోసం పోటీ తగ్గుతుంది. కైకలూరు వైపు మా మేనమామగారు చెరువు మొదలుపెట్టిన ఏడాది ఈ సంగతిని పట్టించుకోలేదు. తవుడూ నూనెగింజల చెక్కా కలిపి ముద్దలు చేసి గట్టు మీద నుంచి విసిరేవారు. ముద్దలు మునిగి బురదలో కలిసిపోయేవి, బొచ్చెలు మాత్రం ఆశించినంత పెరగలేదు. ఆ తరువాత అక్కడి రైతులు చేసే పద్ధతిలోనే, అడుగున రంధ్రాలు చేసిన సంచుల్లో మేత నింపి, నీటిలో పాతిన కర్రలకు వేలాడదీశారు. చేపలు సంచి చుట్టూ చేరి రంధ్రాల దగ్గర మూతి పెట్టి మేతను లాక్కుంటూ ఉంటే, గట్టు మీద నిలబడి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

లాక్కోవడం అన్న మాట తెలిసే వాడాను. చేప పై దవడను వేళ్లతో పట్టుకుని మెల్లగా ముందుకు లాగితే అది చిన్న గొట్టంలా సాగుతుంది. నోటి లోపలి భాగం ఒక్కసారిగా విచ్చుకున్నప్పుడు అక్కడ పీడనం తగ్గి, ముందున్న నీరు తిండితో సహా లోపలికి దూసుకువస్తుంది. ఆ తరువాత నోరు మూసి, నీటిని మొప్పల గుండా వదిలేస్తుంది. మొప్పల ఎర్రటి భాగం ఊపిరికి. లోపలి అంచున దువ్వెన పళ్లలా ఉండే తెల్లని పోగులు వడపోతకు. బొచ్చెలో అవి పొడవుగా, దట్టంగా ఉంటాయి. ఆ పోగులు లేకపోతే ఎంత పెద్ద నోరు తెరిచినా కంటికి ఆనని ప్లవకాలు నీటితోపాటే బయటికి పోతాయి.

ఇక వేటాడే చేపల సంగతి వేరు. కొరమీను నోరు వెడల్పుగా చీలి, దవడల మీద వాడి పళ్లు ఉంటాయి. పట్టిన కప్ప జారిపోకుండా ఆపడమే ఆ పళ్ల పని, నమలడం కాదు. వాలుగ నోటి చీలిక కన్ను దాటి వెనక్కి పోతుంది. దాని పొడవాటి మీసాలకు రుచి తెలుస్తుంది కనుక, వరదనీటి మసకలోనూ ఆహారాన్ని పసిగట్టగలదు. బొమ్మిడాయి ముక్కు కొస మెత్తని కండగా సాగి ఉంటుంది, దానితో బురదలోని పురుగులను వెదుకుతుంది.

నాకు ఆలస్యంగా తెలిసిన విషయం ఒకటుంది. మూతి చూస్తే చేప ఎక్కడ తింటుందో తెలుస్తుంది కానీ, ఏమి తింటుందో తెలియాలంటే గొంతులోకి చూడాలి. బొచ్చె, శీలావతి, మోసు, గడ్డిచేప, వీటిలో దేనికీ దవడల మీద ఒక్క పన్ను కూడా ఉండదు, పొట్టలో జీర్ణాశయమూ ఉండదు. వాటి పళ్లన్నీ గొంతులో, చివరి మొప్ప ఎముక మీద ఉంటాయి. పుర్రె అడుగున ఉన్న గట్టి దిమ్మెకు ఒత్తి తిండిని నలుపుతాయి. గడ్డిచేపకు ఆ పళ్ల అంచులు రంపంలా ఉండి, పేరుకు తగ్గట్టు గడ్డిని తురుముతాయి. శీలావతికి పేగు శరీరం కంటే ఎన్నో రెట్లు పొడవు, కొరమీనుకు పొట్టి. ఆకును అరిగించడానికి పట్టేంత సమయం మాంసానికి పట్టదు కదా.

అందుకే ఆ ఆదివారం తలను చీల్చవద్దని చెప్పి అలాగే ఇంటికి తెచ్చాను. పులుసులో ఉడికిన తలను కంచంలో వేళ్లతో విప్పుతూ పోతే, మొప్పల వెనుక నుంచి కొడవలిలా వంగిన ఎముక జత బయటపడింది. ఒక్కొక్కదాని మీద పళ్లు మూడు వరుసల్లో ఉన్నాయి: అయిదు, మూడు, రెండు. కొసలు అరిగి నున్నగా ఉన్నాయి. కడిగి ఎండబెట్టి, గూటిలో దాచుకున్న కొరమీను దవడ పక్కన పెట్టాను.