గీజరు వెలగని ఉదయం

మూడేళ్లుగా నమ్మకంగా వేడినీళ్లిస్తున్న మా గ్యాస్ గీజరు మొన్న చలి ఉదయాన ఉన్నట్టుండి మొండికేసింది. కుళాయి తిప్పితే రావలసిన టిక్ టిక్ శబ్దం కూడా రాకపోవడంతో 1.5 వోల్టుల బ్యాటరీలు రెండూ మార్చాను, ఫలితం లేదు. ఈ రకం గీజరులో ట్యాంకు ఉండదు కనుక, పారే నీటి ఒత్తిడే లోపలి రబ్బరు పొరను నెట్టి, గ్యాసు వాల్వును తెరిపించి, నిప్పురవ్వ పుట్టేలా చేస్తుంది. హైదరాబాదులో మాది చిట్టచివరి అంతస్తు. నీళ్ల ట్యాంకు సరిగ్గా మా నెత్తిమీదే ఉన్నందున ఒత్తిడి అసలే అంతంతమాత్రం. సిలిండరూ నీటి వాల్వూ కట్టేసి, నీళ్లు వచ్చే గొట్టం విప్పి చూస్తే, చిటికెన వేలంత జల్లెడ నిండా బోరునీటి సున్నమూ ఇసుకా పేరుకుపోయి ఉన్నాయి. పాత టూత్‌బ్రష్షుతో, నిమ్మరసంతో (ఇది మా అమ్మ సలహా) శుభ్రం చేసి బిగించగానే నీలిమంట వెలిగింది.

అప్పుడే గీజరును బిగించిన రోజు గుర్తుకు వచ్చింది. స్నానాలగదిలోనే పెడతానని మెకానిక్ అంటే, గొట్టం ఖర్చు తగ్గుతుందని నేనూ దాదాపు ఒప్పుకున్నాను. మూసిన గదిలో మంటకు గాలి చాలకపోతే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుందని పక్కింటి పెద్దాయన హెచ్చరించబట్టే, అది ఇవాళ గాలి ధారాళంగా ఆడే వెనుక బాల్కనీ గోడకు ఉంది.