ఆ ఒక్క ఫైలు కోసం

“సర్వీసు ఒప్పందం నంబరు ఇవ్వండి” అని సర్వరు కంపెనీ సైట్లో ఆ పేజీ అడిగిన దగ్గర్నుంచి నాకు అదే కుమ్ముతోంది. అన్నం ముందు కూర్చున్నా అదే. “ఏంటమ్మాయ్, పప్పులో ఉప్పు తగ్గిందా, ఆ మొహం ఏంటి” అన్నారు అత్తయ్య. ఉప్పు సరిగ్గానే ఉంది. ఆయన ఎప్పుడో పడుకున్నారు, చిన్నోడు కూడా. నాకే నిద్ర రావట్లేదు.

మా కాలేజీ లైబ్రరీ సర్వరు సంగతే. పాతది తుడిచి డెబియన్ 12 అనే లైనక్స్ వేద్దామని, ఇవాళ శనివారం, కాలేజీలో పిల్లలు లేరు, కూర్చున్నాను. మానిటరూ కీబోర్డూ ఆ గదికి మోసుకెళ్ళడమే ఒక పని. ఆ సర్వరు తెరని దూరం నుంచే చూపించే రిమోట్ కన్సోల్ జావా ఆప్లెట్ మీద నడుస్తుంది. ఫైర్‌ఫాక్స్ ఆ ప్లగిన్లని 2017లో వెర్షన్ 52తోనే ఆపేసింది, క్రోమ్ అంతకు ముందే. కాబట్టి మోయాల్సిందే.

పొద్దున మొదట వేసింది డెబియన్ కాదు. యూనివర్సిటీ శిక్షణలో ఇచ్చిన వేరే డిస్ట్రో (లైనక్స్‌లోనే ఇంకో రకం) పెన్‌డ్రైవ్ ఉంటే, ల్యాబ్ సర్వర్లతో పాటు ఇదీ ఒకే దారిలో ఉంటుందని దాన్ని పెట్టాను. ఇన్‌స్టాలర్ చక్కగా లేచింది. భాష అడిగింది, టైమ్‌జోన్ అడిగింది, డిస్కుల పేజీకి వచ్చేసరికి ఖాళీ. డిస్కులన్నిటినీ కలిపి నడిపించే రెయిడ్ కార్డేమో బూట్ అయ్యేటప్పుడు తన డిస్కులన్నీ లెక్కపెట్టి చూపించింది, లైట్లన్నీ పచ్చగా ఉన్నాయి. ఇన్‌స్టాలర్ మాత్రం ఒక్కటీ లేదంటుంది. రెండో కన్సోల్‌లోకి వెళ్ళి, ఉన్న కార్డులన్నీ చూపించే ఎల్‌ఎస్‌పీసీఐ కొడితే 1000:0060 అని కార్డు నిక్షేపంగా కనబడుతోంది. ఎల్‌ఎస్‌ఐ వాళ్ళ 1078 చిప్ అది. ఆ కార్డుని నడిపే మెగారెయిడ్ డ్రైవర్‌ని చేత్తో లోడ్ చేస్తే లోడయింది కూడా. డిస్కులు మాత్రం రావు.

సంగతేంటంటే, ప్రతి డ్రైవరూ తను చూసుకోవాల్సిన కార్డుల నంబర్లు ఒక పట్టీలో పెట్టుకుంటుంది. కొత్త వెర్షన్ తెచ్చినప్పుడు ఆ డిస్ట్రో వాళ్ళు ఈ పట్టీలోంచి పాత చిప్‌ల నంబర్లు తీసేశారు. అసలు లైనక్స్ కెర్నెల్లో ఆ నంబరు ఇప్పటికీ ఉంది. వీళ్ళ దాంట్లో లేదు. అంతే, కార్డు ఎదురుగా ఉన్నా డ్రైవర్ అటు చూడదు. పని చేస్తున్న యంత్రాన్ని ఒక్క వరుస చెరిపేసి పాతసామాన్ల బండికి ఎక్కించడం అంటే ఇదే. పొద్దున నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ పెన్‌డ్రైవ్ తీసి డెబియన్ 12ది పెట్టాను. డిస్కులు వచ్చాయి. నెట్‌వర్క్ కూడా తనంతట తనే వచ్చేసింది, ఏమీ అడగలేదు. అక్కడ ఒక్క నిమిషం ఆగిపోయాను. ఎందుకంటే ఇదే సర్వరు, ఇదే గది, 2015లో.

డెబియన్ 8 అప్పుడే వచ్చింది. లైబ్రరీకి కోహా, అదే పుస్తకాల లెక్క చూసే సాఫ్ట్‌వేర్, పెడదామని మేడంని ఒప్పించి మొదలుపెట్టాను. ఇన్‌స్టాలర్ సగంలో ఆగి, నెట్‌వర్క్ కార్డుకి ఫర్మ్‌వేర్ కావాలి, ఫలానా ఫైలు ఇవ్వు అంది. బ్రాడ్‌కామ్ చిప్, బీఎన్ఎక్స్2 డ్రైవర్. ఆ ఫైలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు కాబట్టి అప్పట్లో డెబియన్ తన అసలు ఇన్‌స్టాలర్లో పెట్టేది కాదు. నెట్ నుంచి తెచ్చుకుందామంటే నెట్ రావాలన్నా ఆ ఫైలే కావాలి. పక్క ల్యాబ్‌లో దించుకుందామంటే ఆ రోజు కాలేజీకి కరెంటు లేదు, సర్వర్ గదికొక్కదానికే జనరేటర్. ఫోన్‌లో నెట్ పెట్టించుకునే రోజులు కావు నాకు.

అటెండర్ బాబాయి గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు. రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి. “ఎక్కడ దొరుకుద్దో చెప్పమ్మా, నే తెస్తా” అన్నాడు. ఫైలు పేరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. గీతలున్నాయి, చుక్కలున్నాయి, చివర్లో ఒక బీ ఉంది. “బాబాయ్, ఒక్క చుక్క తేడా వచ్చినా తీసుకోదు” అన్నాను. బయట జోరున వాన. టీవీఎస్ మీద బోసు రోడ్డులో నెట్ సెంటర్‌కి వెళ్ళాడు. అక్కడి కుర్రాడి చేత అక్షరం అక్షరం పైకి చదివించి, తన కాగితంతో సరిపోల్చి, అప్పుడు గానీ పెన్‌డ్రైవ్‌లో వేయించుకోలేదట. పెన్‌డ్రైవ్‌ని పాలకవర్లో చుట్టి, బనీను లోపల పెట్టుకుని తడిసి ముద్దయి వచ్చాడు. గుచ్చాను. ఫైలు దొరికింది. సర్వర్ వెనకాల నెట్ లైటు వెలిగింది. మేమిద్దరం చప్పట్లు కొట్టాం.

టీ తాగుతూ అడిగాడు, “ఇంతకీ ఆ ఫైల్లో ఏముందమ్మా?” అని. ఆ కార్డులో కూడా ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది బాబాయ్, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఏం చేయాలో దానికి మళ్ళీ చెప్పాలి, ఆ చెప్పేది ఇదే, అన్నాను. కాసేపు ఆలోచించి, “మరి అమ్మినోడు అది చెప్పకుండా ఎట్టా అమ్మాడు?” అన్నాడు.

అప్పట్లో డెబియన్ వాళ్ళ పట్టుదల నాకు గొప్పగా అనిపించేది. ఇప్పుడూ దాని మీద గౌరవం ఉంది. కానీ 2022లో వాళ్ళు ఓటింగ్ పెట్టి, అలాంటి ఫర్మ్‌వేర్‌ని అధికారిక ఇన్‌స్టాలర్లోనే ఇద్దామని తేల్చారు. 2023 జూన్‌లో వచ్చిన 12తో అది అమల్లోకి వచ్చింది. ఇవాళ నాకు ఎవర్నీ వానలో పంపే పని పడలేదు. మంచి నిర్ణయం.

ఇక్కడిదాకా రాసి లేచి మంచినీళ్ళు తాగొచ్చాను. పైన పాతసామాన్ల బండి అని రాశానే, దాన్ని తీసేయను గానీ, ఇప్పుడు అంత కోపం లేదు. ఆ డిస్ట్రో వాళ్ళలా డబ్బు తీసుకుని పదేళ్ళు బాధ్యత పడతామనే వాళ్ళు, పట్టీలో ఉన్న ప్రతి కార్డునీ ఎక్కడో ఒకచోట పెట్టి పరీక్షించాలి. ఎప్పుడో తయారీ ఆగిపోయిన కార్డుని వాళ్ళు మాత్రం ఎన్నాళ్ళు కాపాడతారు? పైగా దారి మూసేయలేదు. ఈఎల్‌రెపో వాళ్ళు స్వచ్ఛందంగా ఆ డ్రైవర్లని డిస్కులుగా తయారుచేసి పెడుతున్నారు, బూట్ వరుసలో చివర ఒక మాట చేరిస్తే ఇన్‌స్టాలర్ వాటిని తీసుకుంటుంది. ఆల్మాలైనక్స్ అనే ఇంకో డిస్ట్రో వాళ్ళయితే 2024లో 9.4 ఇచ్చినప్పుడు, తీసేసిన పాత కార్డులు చాలావాటికి మద్దతు తిరిగి చేర్చారు. సోర్స్ బయట ఉంది కాబట్టి ఒకళ్ళు వదిలేసింది ఇంకొకళ్ళు ఎత్తుకున్నారు. ఏవీఎక్స్2 (కొత్త ప్రాసెసర్లకి వచ్చిన ఆదేశాల గుంపు) లేని ప్రాసెసర్ల మీద లేవనే కొత్త డిస్ట్రోలూ వచ్చాయి. మా సర్వర్లోని వెస్ట్‌మియర్ జియాన్ ప్రాసెసర్ 2010 నాటిది, దానికి ఏవీఎక్సే లేదు. అదీ నాకు అర్థమవుతుంది.

అర్థం కానిది ఆ ఒప్పందం నంబరు.

రెయిడ్ కార్డుకి చివరి ఫర్మ్‌వేర్ ఎప్పుడో రాసేశారు. పరీక్షించారు. సైట్లో పెట్టారు. ఏమేం బాగుచేశారో ఆ పట్టీ కూడా నేను చదువుకోవచ్చు, మాకు కావల్సిన బ్యాటరీ సంగతి అందులో ఉంది. బ్యాటరీ సరిగ్గా లేదనుకుంటే కార్డు రాతల్ని తన మెమరీలో ఉంచుకోదు, ప్రతిదీ డిస్కుకి చేరేదాకా ఆగుతుంది, అందుకే లైబ్రరీలో పుస్తకం ఇచ్చే బటన్ నొక్కాక అంతసేపు తిరుగుతుంది. డౌన్‌లోడ్ నొక్కితే, నడుస్తున్న సర్వీసు ఒప్పందం ఉంటేనే ఇస్తాం అంటుంది. ఫోన్ చేశాను. ఈ మోడల్‌కి ఒప్పందాలు అమ్మడం ఆపేశామన్నారు. అంటే డబ్బు కడతామన్నా కొనే వీల్లేదు! పోనీ ఫైలు తీసేయరు. అక్కడే కళ్ళెదుట ఉంచుతారు.

డ్రైవర్ వదిలేసిన వాళ్ళకి ప్రతి ఏడూ పని తప్పింది. వీళ్ళకి ఏం తప్పింది? ఆ ఫైలు ఇస్తే కొత్తగా ఒక్క వరుస రాయక్కర్లేదు, పరీక్షించక్కర్లేదు. కాలేజీ నిధులతో పూర్తి ధర కట్టి కొన్న యంత్రం. బాబాయి అడిగిన ప్రశ్నకి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు, ఇవాళా లేదు. ప్రాసెసర్ మైక్రోకోడ్ (ప్రాసెసర్‌కి ఉండే ఫర్మ్‌వేర్ లాంటిది) కూడా ఇలాగే తాళం వెనకాల బయోస్‌లోనే ఉండిపోయేది, కానీ దాన్ని డెబియన్ ప్యాకేజీగా ఇస్తుంది, బూట్ అవుతూనే ఎక్కేస్తుంది. కార్డు ఫర్మ్‌వేర్‌కి ఆ దారి లేదు.

కోహా లేచింది, బ్యాకప్ ఎక్కింది, పుస్తకాలన్నీ వచ్చాయి. న్యూజిలాండ్‌లో ఒక చిన్న లైబ్రరీ, తమ పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరాన్ని దాటలేదని 1999లో రాయించుకుని, ఊరికే అందరికీ పంచిపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. సాయంత్రం తెలుగులో ఒక పేరు వెతికితే టక్కున వచ్చింది. సంతోషమే.

రేపు మేడంకి ఫోన్ చేసి సోమవారం నుంచి పుస్తకాలు ఇచ్చుకోవచ్చని చెప్పాలి, నెమ్మదిగా నడుస్తుందని కూడా చెప్పాలి. ప్రిన్సిపాల్ గారి సంతకంతో ఆ కంపెనీకి ఒక ఉత్తరం పెట్టిస్తాను, కొన్న బిల్లు జిరాక్సు జతచేసి. జవాబు రాకపోతే ఈ కార్డు తీసేసి, డిస్కుల్ని నేరుగా లైనక్స్‌కి చూపించే మామూలు కార్డు ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొనిపించాలి. రెయిడ్ పని లైనక్సే చూసుకుంటుంది.