కాలువకు అడ్డమన్న చెట్లు: నా అనుభవం

విజయనగరంలో మా వీధిలో కాలువ కట్టడానికి మూడు నిద్రగన్నేరు చెట్లు అడ్డమన్నారు. రెండు నిలిచాయి. ఎలాగో రాస్తే మరో వీధివాళ్లకు పనికొస్తుందని ఇది.

ముందు మానులకు ఎర్ర పెయింటుతో నంబర్లు పడ్డాయి. మేస్త్రీని అడిగితే "మాకు కొట్టీమన్నారండీ, అంతే తెల్సు" అన్నాడు. నీడ గురించి, పిట్టల గురించి ఎంత చెప్పినా అందరూ తలూపుతారు, పని మాత్రం ఆపరు. అందుకే పర్మిషన్ కాగితం చూపించమన్నాను. అది లేదు, వర్క్ ఆర్డరే ఉంది. కాలువ కట్టమని ఇచ్చిన ఆర్డరు చెట్టు కొట్టడానికి చాలదు. 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం రాష్ట్రం చేసిన చట్టం) ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవాలి, కొట్టినదానికి బదులు మొక్కలు నాటాలి. సరుగుడు, నీలగిరి లాంటి తోటలకు మినహాయింపులున్నాయి గానీ వీధిలో నీడనిచ్చే చెట్లు ఆ లెక్కలోకి రావు. పైడితల్లి అమ్మవారి పండగలో సిరిమాను కోసం చింతచెట్టు కొట్టేముందు బొట్టు పెట్టి పూజచేసే ఊరు మాది. కాలువ కోసం కొట్టేటప్పుడు కనీసం కాగితమైనా ఉండాలి కదా!

అర్జీలో ఆవేశం తగ్గించి వివరాలు రాశాం: ఏ కరెంటు స్తంభం పక్కన ఏ చెట్టు, ఛాతీ ఎత్తున మాను చుట్టుకొలత, నంబరు కనిపించేలా ఫొటో. అటవీశాఖకు ఒకటి, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఒకటి ఇచ్చి రసీదు తీసుకున్నాం. సమాచార హక్కు దరఖాస్తుకు ఫీజు పది రూపాయలే, కానీ జవాబుకు 30 రోజుల గడువుంటుంది. రంపం అన్నాళ్లు ఆగదు.

అసలు కష్టం వీధిలోనే ఎదురైంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లకి పెద్ద చెట్టంటే భయమే. ఎదురింటి మామ్మగారు సంతకం పెట్టనన్నారు. "నీకేటి బాబూ, కొమ్మ పడితే పోయేవి నా రేకులు." ఆవిడ మాట తీసిపారేసేది కాదు. చెట్లెక్కే మనిషిని పిలిపించాం. ఆవిడ ఇంటివైపు ఎండిపోయిన కొమ్మలు చూపించి, వీటితోనే ప్రమాదమన్నాడు. అనుమతి తెచ్చి వాటిని తీయిస్తామని అర్జీలోనే చేర్చాక ఆవిడ సంతకం పెట్టారు.

ఇంజినీరు గారు స్థలానికి వచ్చినప్పుడు "కొట్టొద్దు" అనలేదు మేము. రెండడుగులు రోడ్డువైపు జరిపితే కాలువ ఎలా పోతుందో సుద్దముక్కతో గీసి చూపించాం. నీటి వాలు సరిపోతుందని ఆయనే లెవెలు చూసి ఒప్పుకున్నారు. మూడో చెట్టు మొదలు దగ్గర ఇనుప ఊచ గుచ్చితే మూరెడు లోపలికి దిగిపోయింది. బోలుపడిన మాను కోసం పట్టుబట్టలేదు. అటవీశాఖ అనుమతి వచ్చాకే కొట్టారు.

తవ్వకమప్పుడు దగ్గరే ఉండాలి. చెట్టుకు నీరూ పోషకాలూ తెచ్చే వేళ్లు ఎక్కువగా పైమట్టిలోనే ఉంటాయి. జేసీబీ వాటిని కోయదు, పీకేస్తుంది. మా దగ్గర మొదళ్ల పక్కన గునపంతో తవ్వించాం, చేతిమందం వేరు అడ్డొస్తే రంపంతో నున్నగా కోశారు. ఆఖర్న మానుకి ఆనించి సిమెంటు పొయ్యబోయారు. నీళ్లు దిగాలని చుట్టూ మట్టి వదిలించాం. ఇప్పుడక్కడ బైకులు పెడుతున్నారు, మట్టి గట్టిపడిపోతోంది. దానిమీద వేరే గొడవ నడుస్తోంది.