దొంగ లాభానికి దొంగ డబ్బు కావాలి

మోసం చేసేవాడే బాగుపడతాడా? ఈ ప్రశ్నకి జవాబు లెక్కల పుస్తకాల్లో వెతకాలంటే మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌ని మించిన కేసు లేదు. ఒకటి ముందే ఒప్పుకుందాం. లేని లాభాలు చూపిన ఆ అబద్ధం ఏళ్ళ తరబడి బ్రహ్మాండంగా నడిచింది. కార్పొరేట్ గవర్నెన్స్‌కి, అంటే కంపెనీని నిజాయితీగా నడిపినందుకు, 2008లో గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా తెచ్చిపెట్టింది!

చిక్కేమిటంటే, ఒక్క పద్దు మార్చి ఊరుకోవడం కుదరదు. లేని బిల్లు రాస్తే అమ్మకం పెరుగుతుంది, ఆ మొత్తం రావలసిన బాకీగా మిగులుతుంది. బాకీ ఎంతకీ వసూలు కాకపోతే ఆడిటర్ అడుగుతాడు. అందుకని వసూలైనట్టు రాయాలి, అంటే బ్యాంకులో లేని డిపాజిట్ చూపాలి. డిపాజిట్ ఉంటే వడ్డీ రావాలి కదా, అదీ రాయాలి. ఇన్ని దొంగ లెక్కల మీదా పన్ను మాత్రం అసలు డబ్బుతోనే కట్టాలి.

2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ రామలింగరాజు మోసం ఒప్పుకుంటూ రాసిన లేఖలో ఈ గొలుసంతా కనిపిస్తుంది: లేని నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్లు, లేని వడ్డీ 376 కోట్లు, ఎక్కువ చేసి చూపిన రావలసిన బాకీలు 490 కోట్లు. 2008 సెప్టెంబర్ త్రైమాసికంలో చూపిన ఆపరేటింగ్ లాభం 649 కోట్లు, అసలుది 61 కోట్లు. నా దృష్టిలో అన్నిటికన్నా ఘోరమైన అంకెలు ఇవే. వచ్చే త్రైమాసికంలో దాటాల్సింది 61ని కాదు, 649ని. రాజు కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలు, లేని డబ్బు స్థానంలో ఉన్న ఆస్తి పెట్టాలన్న ఆఖరి ఎత్తు. ఇన్వెస్టర్లు గొడవ చేసేసరికి గంటల్లోనే విరమించుకున్నారు. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు రాజుకి ఏడేళ్ళ శిక్ష వేసింది. దాని మీద అప్పీలు వెళ్ళింది.

షేర్లు కొనేవాళ్ళు వడ్డీ ఆదాయాన్ని సగటు నగదు నిల్వతో భాగించి చూడండి. డిపాజిట్లకి 7 శాతం వస్తున్న రోజుల్లో 1,000 కోట్ల మీద 30 కోట్లే వస్తే అడగాల్సిందే. లాభం పెరుగుతూ వ్యాపారం నుంచి వచ్చే నగదు పెరగకపోతే అదీ అనుమానమే. ఆడిటర్లయితే బ్యాంకు నిల్వ ధ్రువీకరణ నేరుగా బ్యాంకు నుంచే తెప్పించుకోవాలి, కంపెనీ చేతుల మీదుగా వచ్చిన కాగితం పనికిరాదు.

చిన్న వ్యాపారాల్లోనూ ఇదే తంతు. నెలకి 40,000 వచ్చే షాపువాడు లోన్ కోసం ఐటీ రిటర్న్‌లో 80,000 చూపిస్తాడు. బ్యాంకు అందులో సగం, 40,000 దాకా ఈఎంఐ భరించగలడని లెక్కేసి లోన్ ఇస్తుంది. ఇంటి ఖర్చుకి మిగిలేది సున్నా.